మన పిల్లలకు మన రాష్ట్రం

చోళపురంలో తెలుగు మాట్లాడే ఇళ్ల పిల్లలకు తమిళనాడు గురించి చెప్పడానికి పెద్ద పుస్తకాలేమీ అక్కర్లేదు. రాష్ట్ర వృక్షం తాటిచెట్టు. దాన్ని వాళ్లు రోజూ చూస్తూనే ఉంటారు. రాష్ట్ర జంతువు వరయాడు, మనకు పడమట కనిపించే కనుమల్లో తిరిగే కొండమేక. రాష్ట్ర చిహ్నంలోని గోపురం శ్రీవిల్లిపుత్తూరుదేనని చాలామంది చెబుతారు. కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో కీర్తించిన గోదాదేవి ఊరు అదే. 1949 నుంచి 1952 వరకు మద్రాసు ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా మన రాజపాళయం వారే. ఆ మద్రాసు రాష్ట్రమే 1969లో తమిళనాడు అయింది.

ఇది తమిళుల చరిత్ర, అది తెలుగువాళ్ల చరిత్ర అని పిల్లలకు విడదీసి చెప్పకండి. రెండూ వాళ్లవే. ఈ ఆదివారం శ్రీవిల్లిపుత్తూరు తీసుకెళ్లి, గోపురం చూపించి, ఈ సంగతులన్నీ తెలుగులోనే చెప్పండి.