చిలకలపూడి చూచి వద్దాం రండి

గుడివాడ మీదుగా మచిలీపట్నం వెళ్లే రైలు ఆఖరి స్టేషనుకు ముందు ఆగేది చిలకలపూడిలో. ఇప్పుడిది బందరు పట్టణంలో ఒక భాగం. కృష్ణానది తెచ్చి పరచిన ఒండ్రుమట్టి నేల ఇది. చుట్టూ వరిచేలు, పంట కాలువలు. సముద్రం దగ్గరపడే కొద్దీ చవుడు నేలలు.

ఈ ఊరి పేరు నాలుగు దిక్కులా తెలిసింది నగల వలననే. రాగి మీద పలుచగా బంగారాన్ని ఎక్కించి చేసే గొలుసులు, గాజులు, దుద్దులకు 'చిలకలపూడి బంగారం' అని పేరు. మేము చూచిన ఇంట్లో ఒకరు తీగ వంచుతుంటే మరొకరు అతుకుతున్నారు, ఇంకొకరు రాళ్లు పొదుగుతున్నారు. అసలు బంగారం కొనలేని ఎన్నో ఇండ్లలో పెండ్లి ముచ్చట తీర్చినవి ఈ చేతులే.

ఊరిలోని పాండురంగస్వామి ఆలయాన్ని 1929లో భక్త నరసింహం కట్టించారు. కార్తిక మాసంలో ఉత్సవాలకు వచ్చే జనం పౌర్ణమినాడు మంగినపూడికి వెళ్లి సముద్రస్నానం చేస్తారు.

మంగినపూడి బీచి మచిలీపట్నానికి సుమారు పది కిలోమీటర్లు. ఇక్కడి ఒడ్డు ఇసుక కాదు, నల్లమట్టి. నీరు లోతు తక్కువగా కనిపించినా పిల్లల చేయి వదలకూడదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు స్నానాలకు వెళ్లినవారిలో కొందరు తిరిగి రాలేదు.

అంతకు ముందు 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30 వేలమంది మరణించారు. 1841లో ఇక్కడికి వచ్చి, 1843లో పాఠశాల తెరచిన మిషనరీ రాబర్ట్ నోబుల్ ఆ విపత్తును కన్నులారా చూచారు. ఆయన ఊరు విడువలేదు. మరుసటి సంవత్సరం ఇక్కడే కన్నుమూశారు. ఆయన పేరిట కళాశాల నేటికీ ఉన్నది.

బందరుకోటలో డచ్చివారి సమాధులున్నాయి. 17వ శతాబ్దంలో వర్తకానికి వచ్చి తిరిగి స్వదేశం చేరనివారు వారు.

సెలవులలో పిల్లలను తీసుకొని వెళ్లండి. బందరు లడ్డూ తినిపించండి, సముద్రం చూపించండి. నగలు చేసే ఇండ్లు కూడా తప్పక చూపించండి. ఉప్పెన వచ్చిపోయిన నేల మీదనే మనుష్యులు మరల ఇల్లు కట్టుకొని, పని నేర్చుకొని, పిల్లలను చదివించుకొన్నారు. అది వారికి తెలియాలి.