లాప్‌టాప్ కొనే ముందు ఒక్క మాట

ఇంజినీరింగు సీట్లు ఖాయమయ్యే రోజుల్లో మన పలాస, కాశీబుగ్గల్లో ఎవరు ఎదురుపడినా ఇదే అడుగుతారు: "మా గుంటడికి ఏ లాప్‌టాప్ కొనమంటారేటి బాబూ?" కంపెనీ అడుగుతారు, ధర అడుగుతారు. లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలో మాత్రం అడగరు. షాపతను ఏది వేసిస్తే అదే. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అదేనండీ.

ఎలా తేల్చుకోవాలంటారా? పిల్లలు చెయ్యబోయే పనికి ఏ సాఫ్ట్‌వేర్ లేకపోతే కుదరదో చూడండి. అది దేని మీద నడిస్తే అదే మీ సిస్టమ్.

కాశీబుగ్గలో ఏ జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసు గదిలోకైనా తొంగి చూడండి. ఎన్ని బస్తాల పిక్కలు దిగాయి, డబ్ల్యూ-240 ఎంత వచ్చింది, డబ్ల్యూ-320 ఎంత వచ్చింది (పౌనుకు 320 లోపు పలుకులు తూగే రకం అది), గుండెంత, బద్దెంత అన్న లెక్క పక్కనే కంప్యూటర్‌లో ట్యాలీ తెరిచి ఉంటుంది. ట్యాలీ విండోస్ కోసం చేసిందే. బీకాం చదివి ఆ కుర్చీలో కూర్చోవాలనుకునే అమ్మాయికి విండోసే కొనండి, ఇంకో ఆలోచన వద్దు. అనూ ఫాంట్లతో శుభలేఖలు కొట్టే డీటీపీ షాపు పెట్టుకునేవాళ్లకూ అంతే.

టెక్కలి ఐతం కాలేజీలోనో ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో కంప్యూటర్ సైన్సు చదివే పిల్లల సంగతి వేరు. వాళ్లు రేపు పనిచెయ్యబోయే సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్‌వే. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ ఇవాళ మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగునా ఉంది. సీ, పైథాన్ నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. విండోస్ ఉంచుకునే పక్కన ఉబుంటు అనే లినక్స్ వేసుకోవచ్చు. కొన్ని ఆన్‌లైన్ పరీక్షలు విండోస్ అడుగుతాయి కాబట్టి రెండూ ఉండటమే మేలు. అయితే డిస్కును విడగొట్టేముందు ఫైళ్లన్నీ వేరే చోట దాచుకోండి, మర్చిపోకండి.

మన ఉద్దానంలో చాలా ఇళ్లకు లాప్‌టాప్ కొత్తగా రాదు. హైదరాబాద్‌లో పనిచేసే అన్నయ్య వాడి పంపిందే తమ్ముడికి దక్కుతుంది. చిక్కంతా అక్కడే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. అంతకంటే పాతదైతే పారెయ్యకండి. పాత హార్డ్ డిస్కు తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించండి, లినక్స్ మింట్ ఎక్కించండి. ఉత్తరాలు, లెక్కలు, ప్రాజెక్టు రిపోర్టులకు లిబ్రె ఆఫీస్ చాలు. తెలుగు కూడా యూనికోడ్‌లో హాయిగా కొట్టుకోవచ్చు.

నెట్ లేకపోతే చాలా పనులు కుంటుపడే క్రోమ్‌బుక్‌ను మాత్రం మన తీరానికి నేను చెప్పను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను విరుచుకుపడ్డాక రోజుల తరబడి కరెంటు లేక, సిగ్నల్ లేక ఊళ్లు ఎలా ఉన్నాయో మీకు తెలియంది కాదు. ఫైలు మన దగ్గరే ఉండాలి, బ్యాటరీ నిలవాలి. బ్యాటరీ మాటకొస్తే ఇప్పటి మ్యాక్‌బుక్‌లు నిజంగా బాగుంటాయి, కానీ ఆ ధర పెట్టాక ట్యాలీ నేరుగా నడవకపోతే ఏం లాభం?

దొంగ విండోస్ వేస్తామనే షాపు జోలికి పోకండి. ఆ క్రాకుల వెంట వైరస్ వస్తుంది, పిల్లల బ్యాంకు పాస్‌వర్డులు పోతాయి. డబ్బు పెట్టలేకపోతే లినక్స్ ఉచితం. దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిపి చూడొచ్చు. వైఫై దొరుకుతోందా, ప్రింటర్ పలుకుతోందా చూసుకున్నాకే నిర్ణయించుకోండి. కొత్తది కొంటుంటే, విండోస్ లైసెన్సు ఉందో లేదో బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు చేతికివ్వండి.