దార్లనే ఉన్న మేడం!

హైదరాబాద్‌లో మా ఇంటికి కృష్ణా నీళ్లు వస్తాయి. ఎక్కడో నాగార్జునసాగర్ దగ్గర బయల్దేరి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణం చేసి, రోజు విడిచి రోజు మా సంపులోకి చేరతాయి. టైము కాస్త అటూ ఇటూ అవుతుందేమోగానీ రావడం మాత్రం వస్తాయి. అదే మూడు వీధుల అవతల ఉండే ప్లంబరు మా గడప తొక్కడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ అతను దారిలోనే ఉన్నాడు. నేననడం కాదు, అతనే చెప్పాడు!

సంగతేంటంటే, ఓ సోమవారం పొద్దున్నే కింది ఫ్లాట్ పిన్నిగారు ఫోన్ చేశారు. ‘అమ్మాయ్, మా బాత్రూమ్ పైకప్పు నుంచి నీళ్లు కారుతున్నాయి. మీ బాత్రూమ్‌లో ఏమైనా పాడైందేమో కాస్త చూడమ్మా’ అన్నారు. కిందికి వెళ్లి చూస్తే నిజమే. సున్నం ఉబ్బి, తడి మరక చాపంత అయింది. చుక్కలు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. కింద ఓ బకెట్టు పెట్టారు. పిన్నిగారి భర్త మాస్టారికి డెబ్భై ఎనిమిదేళ్లు. మూడు నెలల కిందటే మోకాలి ఆపరేషన్ అయింది. చేతికర్రతో ఆయన ఆ బాత్రూమ్‌లోకే వెళ్లాలి. ఉన్నది అదొక్కటే.

వెంటనే మాకు తెలిసిన ప్లంబరుకి ఫోన్ చేశాను. ‘కుళాయి కింద యాంగిల్ కాక్ కారుతున్నట్టుంది. చిన్న పనే బాబూ’ అన్నాను. ‘పది నిమిషాల్ల వస్త మేడం’ అన్నాడు. నేను కిందికి వెళ్లి ‘పది నిమిషాల్లో వచ్చేస్తాడు పిన్నిగారూ’ అన్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోన్ చేస్తే ‘దార్లనే ఉన్న మేడం’ అన్నాడు. సాయంత్రం చేస్తే ‘మీ గల్లీ మూలమీదనే ఉన్న’ అన్నాడు. నేను బాల్కనీలోకి పరుగెత్తి చూశాను. మూలమీద కొబ్బరిబోండాల బండి తప్ప ఇంకేం లేదు. రాత్రి ఫోన్ ఎత్తలేదు. మంగళవారం ‘రేపు పొద్దుగాల ఫస్టు మీదే’ అన్నాడు. బుధవారం మళ్లీ ‘రేపు’. పల్లెటూళ్లలో ఒకప్పుడు తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. నేను మా తలుపు మీద ‘ఓ ప్లంబరూ, ఈరోజు రా’ అని రాద్దామా అనుకున్నాను.

రోడ్డు మీద మంచినీళ్ల పైపు పగిలితే జలమండలి 155313కి ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. మన ఇంటి గోడలో పైపు పగిలితే ఎవరికి చెప్పుకోవాలి? ప్లంబరుకే. ఆ ప్లంబరు మీద చెప్పుకోవడానికి ఏ నంబరూ లేదు!

ఇక్కడ ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆ మూడు రోజులూ పిన్నిగారి దగ్గర నేను చేసిన పనేంటి? అతను నాకు చెప్పిన మాటే ఆమెకి అప్పజెప్పడం. పొద్దున ‘పదింటికి వస్తానన్నాడు పిన్నిగారూ’, మధ్యాహ్నం ‘బయల్దేరాట్ట’, సాయంత్రం ‘రేపు తప్పకుండా’. మూడోరోజుకి ఆమె ఫోన్ మోగితే ఎత్తడానికి భయమేసి, అది ఆగేదాకా ఊరుకుని, ‘వంటలో ఉన్నానండీ’ అని మెసేజ్ పెట్టాను. అంటే ప్లంబరు నాకు ఎలాగో, నేను పిన్నిగారికి అలా తయారయ్యానన్నమాట.

గురువారం పొద్దున మాస్టారు బాత్రూమ్‌లో జారారు. గోడకున్న కడ్డీ చేతికి దొరికింది కాబట్టి పడలేదు. ముంజేయి మాత్రం గీరుకుపోయింది. నేను వెళ్లేసరికి పిన్నిగారు పసుపు రాస్తున్నారు. నన్ను చూసి కోప్పడతారేమో అనుకున్నాను. కోప్పడలేదు. మెల్లిగా అన్నారు... ‘వాడు వారంలోగా రాడని ఒక్క మాట చెప్పుంటే, ఈయన్ని మా అమ్మాయి వాళ్లింటికి పంపేదాన్ని కదమ్మా. నువ్వు పూటపూటకీ వస్తాడంటుంటే, ఈ పూటకి ఆగుదాంలే అనుకున్నాను.’

ఆ మాట నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. నిజమే కదా! ఆలస్యం అయితే మనిషి ఏదో ఏర్పాటు చేసుకుంటాడు. చేసుకోనివ్వకుండా చేసేది ఆ ‘వచ్చేస్తున్నా’ అనే మాట. ‘రాలేను’ అంటే మనకో దారి మూసుకుపోయి ఇంకో దారి వెతుక్కుంటాం. ‘దారిలో ఉన్నా’ అంటే ఎటూ కదలకుండా కూర్చుంటాం.

ఆ సాయంత్రమే వాచ్‌మన్ ఇంకో ప్లంబరు నంబరిచ్చాడు. ఆ అబ్బాయిది ఒడిశాలోని కేంద్రపడా జిల్లాట. ఆ జిల్లా ప్లంబర్లకు పెట్టింది పేరు. దేశంలో ఏ పెద్ద ఊరికి వెళ్లినా అక్కడివాళ్లు ఈ పనిలో కనిపిస్తారు. ఆ జిల్లాలోని పట్టాముండైలో ప్లంబింగ్ నేర్పడానికే ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది. అతని తెలుగు అంతంత మాత్రం. కానీ ఫోన్ ఎత్తగానే అతనన్న మొదటి మాట... ‘ఈరోజు, రేపు రాలేను మేడం. శనివారం పదింటికి వస్తాను.’

నేను నిట్టూర్చేలోగానే అడగడం మొదలుపెట్టాడు. ‘నీళ్లు ఎప్పుడూ కారుతున్నాయా, మీరు స్నానం చేసినప్పుడేనా?’ ఎప్పుడూ అన్నాను. ‘అయితే కుళాయిలకి నీళ్లొచ్చే పైపే. వాడిన నీళ్లు పోయే పైపు అయితే వాడినప్పుడే కారుతుంది. బిల్డింగు ఎన్నేళ్లది?’ పాతికేళ్లది అన్నాను. ‘గోడలో ఇనుప పైపు తుప్పు పట్టుంటుంది. బాత్రూమ్ వెనక డక్ట్‌లో మీ లైనుకి వాల్వ్ ఉంటుంది చూడండి. దాన్ని కట్టేయండి. శనివారం దాకా రెండో బాత్రూమ్ వాడుకోండి.’

మావారు టార్చిలైటు పట్టుకుంటే, నేను కిటికీలోంచి చెయ్యిపెట్టి ఆ వాల్వ్ తిప్పాను. బిగుసుకుపోయి ఉంది. గుడ్డ చుట్టి బలంగా తిప్పితే కదిలింది. రాత్రి తొమ్మిదికల్లా కింద చుక్కలు తగ్గాయి. శ్లాబు పీల్చుకున్న నీరంతా దిగి, తెల్లారేసరికి ఆగిపోయాయి. నాలుగు రోజుల ‘వస్తున్నా’లు చెయ్యలేని పని ఫోన్‌లో రెండు నిమిషాల మాట చేసింది. ఆ వాల్వ్ సోమవారం కూడా అక్కడే ఉంది. ఇన్నేళ్లు ఆ ఇంట్లో ఉన్న మాకే తెలీదు!

శనివారం పది దాటి పది నిమిషాలకి గంట మోగింది. రెండు పలకలు పగలగొట్టి చూపించాడు. గోడలోని ఎల్బో తుప్పు తిని చిల్లుపడింది. నేనన్న యాంగిల్ కాక్ బంగారంలా ఉంది. పాత ముక్క తీసేసి, కొత్త సీపీవీసీ పైపు వేసి, అతుకు గట్టిపడేదాకా ఆగి నీళ్లు వదిలాడు. మధ్యాహ్నం రెండింటికి పని పూర్తయింది. పిన్నిగారికి నేనే వెళ్లి చెప్పాను. కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆదివారం పొద్దున కాఫీ తాగుతుంటే మళ్లీ గంట మోగింది. తలుపు తీస్తే మొదటి ప్లంబరు! భుజాన సంచి, చేతిలో కొత్త యాంగిల్ కాక్ డబ్బా. ‘సారీ మేడం, లేటయింది’ అన్నాడు నవ్వుతూ.

‘ఇప్పుడా వచ్చేది? నిన్ననే వేరేవాళ్లతో చేయించేశాం’ అన్నాను, కాస్త కసిగానే. అతని మొహంలో నవ్వు పోయింది. చేతిలో డబ్బా వైపు చూసుకున్నాడు.

‘ఒక్క ఫోన్ చేసి రావద్దని చెప్పుంటే అయిపోవు గద మేడం. ఇయ్యాల మీ పనుందని ఇంకో ఇంటోళ్లకి రానని చెప్పిన. ఇది గూడ మీరు చెప్పిన్రనే నా పైసల్తోని కొన్న.’

అచ్చంగా పిన్నిగారి మాటే! ఒక్క మాట చెప్పుంటే...

లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. ‘రాలేనని ముందే చెప్పొచ్చుగా బాబూ’ అని అడిగాను. దాచుకోకుండా చెప్పాడు. ‘రానంటె మీరు ఇంకొకర్ని పిలుస్తరు మేడం. వస్తనంటెనే ఆగుతరు. అందరు చిన్న పనే అంటరు. పోయి చూస్తె గోడ పగలగొట్టాలె. ఒక గంటదనుకున్నది పొద్దుమీకే దాక పడ్తది. నా దగ్గర చేసే పోరగాడు ఊరికి పోయిండు. నీళ్లల్ల చేతులు పెట్టి ఉన్నప్పుడు ఫోన్ యెట్ల ఎత్తుత? ఇగ మీ అసుంటోళ్లు ముగ్గురికి ఫోన్ చేస్తరు. ఒకడు వస్తె మిగిలిన ఇద్దరికి చెప్పరు.’

నా దగ్గర జవాబు లేదు. గురువారం రాత్రి ‘నువ్విక రానక్కర్లేదు’ అని చెప్పడానికి నాకు అర నిమిషం పట్టేది. చెప్పలేదు. అతను నన్ను తిప్పించుకున్నాడు కాబట్టి తిరగనీలే అనుకున్నానేమో కూడా. ఆ యాంగిల్ కాక్‌కి మూడొందల యాభై ఇచ్చి తీసుకున్నాను. వచ్చిన ఖర్చులకి ఇంకో వంద ఇవ్వబోతే వద్దన్నాడు.

మొన్న వంటింటి సింకు కింద పైపు కారడం మొదలైంది. ఈసారి అతనికే ఫోన్ చేశాను. కానీ ‘చిన్న పని’ అనలేదు. ఫొటో తీసి పంపాను. నీళ్లు వదిలినప్పుడే కారుతోందని, బకెట్టు పెట్టామని, తొందరలేదని చెప్పాను. ‘ఎప్పుడొస్తావో అదే చెప్పు. రాలేకపోతే రాలేనని చెప్పు. నేను ఇంకెవర్నీ పిలవను. పిలిస్తే నీకు చెబుతాను’ అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

‘శనివారం దాక అయితె కాదు మేడం’ అన్నాడు చివరికి.

నాకు ఎంత ఆనందమేసిందో! ‘ఏవండీ, శనివారం దాకా రాలేడట’ అని హాల్లోకి వెళ్లి చెప్పాను. మావారు పేపర్ దించి నా వైపు వింతగా చూశారు. ‘రానన్నందుకు అంత సంతోషమేంటే?’ అన్నారు.

శనివారం దాకా బకెట్టు అక్కడే ఉంచుకున్నాం. ఒక్కసారి కూడా బాల్కనీలోకి వెళ్లి వీధి మూలకి చూడలేదు.