బట్వాడా ఎవరి పూచీ

ఆండర్సన్‌పేట,
సోమవారం

చిరంజీవి తమ్ముడికి,

మనీలాలో నలుగురిని పనిలో పెట్టుకోబోతున్నావనీ, అక్కడ సొంతంగా కంపెనీ రిజిస్టరు చేయించకుండా జీతాల వ్యవహారమంతా ఒక ఏజెన్సీకి అప్పజెప్పాలనుకుంటున్నావనీ రాశావు. ఇప్పుడీ పద్ధతికి ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ అని పేరు. కాగితం మీద యజమాని ఏజెన్సీ, పని చేయించుకునేది నువ్వు. పద్ధతితో నాకు పేచీ లేదు. "జీతాలూ చట్టాలూ వాళ్ళే చూసుకుంటారు, మనకు పని జరిగితే చాలు" అన్న నీ వాక్యంతోనే పేచీ. జీతం లెక్క కట్టే పని ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఆ జీతం సరిగ్గా ముట్టిందా లేదా అన్న పూచీ మాత్రం నీ దగ్గరే ఉంటుంది. చట్టం వదిలినా వ్యవహారం వదలదు.

నేనున్న ఈ ఊరే అందుకు సాక్ష్యం. ఇక్కడి సైనైడు దిబ్బలు, బంగారం పిండేశాక మిగిలిన మట్టి గుట్టలు, కోలారు గనుల లెక్కాపత్రంలో ఒక పద్దు లాంటివి. 1880 నుంచి ఈ గనులు నడిపింది లండన్‌లోని జాన్ టేలర్ అండ్ సన్స్. తెల్లవాళ్ళ రాజ్యంలో తెల్లవాళ్ళ కంపెనీయే కదా, పరాయి దేశమేమిటి అంటావేమో. అప్పట్లో ఇది మైసూరు మహారాజు సంస్థానం. బ్రిటిష్ ఇండియా శాసనసభలు చేసిన చట్టం ఇక్కడ దానంతటదే చెల్లేది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో చెల్లిన కార్మిక చట్టం సరిహద్దు దాటితే ఉత్త కాగితమే. కూలీలు మాత్రం ఆ సరిహద్దు దాటే వచ్చారు. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, సేలం వైపుల నుంచి వచ్చిన తమిళ, తెలుగు కుటుంబాలు, వాళ్ళలో దళితులు చాలామంది. అంటే డబ్బు ఒక దేశానిది, నేల ఇంకో రాజుది, చేతులు మూడో చోటివి. నీ మనీలా వ్యవహారం ఇంతకంటే చిక్కుది కాదు.

ఆ చిక్కును కంపెనీ మేస్త్రీలతో, కాంట్రాక్టర్లతో దాటేసింది. ఊళ్ళకు వెళ్ళి అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని తెచ్చేదీ, భూగర్భంలో పని చేయించేదీ, బట్వాడా చేసేదీ వాళ్ళే. దీంట్లో సౌకర్యం లేకపోలేదు. లండన్ నుంచి వచ్చిన ఇంజనీరుకు తెలుగూ రాదు, తమిళమూ రాదు, ఏ ఊళ్ళో ఎవర్ని నమ్మాలో తెలియదు. కానీ చేతగాకే మధ్యవర్తిని పెట్టుకున్నారని మాత్రం ఒప్పుకోను. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి ఈ గనులకు కరెంటు తెప్పించుకున్న వ్యవస్థ అది. లెక్క చెప్పలేని బంగారం ఒంటి మీద దొరికితే నేరమయ్యేలా సంస్థానం చేత చట్టం చేయించుకున్న వ్యవస్థ. బంగారానికి అంత పకడ్బందీగా హాజరు వేసినవాళ్ళు, దాన్ని తవ్వినవాడి హాజరును మేస్త్రీ పుస్తకానికి వదిలేశారు. అక్కడే తప్పు జరిగింది.

ఆ తప్పు దిద్దుకుందామని కంపెనీ పూనుకున్న తీరు ఇంకా వింత. 1930లో కాంట్రాక్టు కూలీలందరి పేర్లూ, వేలిముద్రలూ నమోదు చేయాలన్నారు. నమోదు మంచిదే కదా? కానీ అప్పటిదాకా తమ జీతానికి పూచీ పడని కంపెనీ, తమ వేలిముద్ర మాత్రం అడిగేసరికి కూలీలకు అందులో హక్కు కనిపించలేదు, కాపలా కనిపించింది. ఒక కాంట్రాక్టరు దగ్గర నచ్చక ఇంకొకరి దగ్గరికి వెళ్ళే దారి మూసుకుపోతుందని భయపడ్డారు. గనులు దాదాపు మూడు వారాలు ఆగిపోయాయి. పేరు రాసుకోవడం ఒక్కటే సరిపోదని ఇక్కడ తేలింది. ఏ పుస్తకంలో హాజరు పడుతుందో జీతమూ ఆ పుస్తకం నుంచే రావాలి. ఈ రెండూ విడిపోయిన చోటల్లా గొడవే.


నరసాపుర,
బుధవారం

ఇది మన గోదావరి నరసాపురం కాదు. ఇదే కోలారు జిల్లాలో, బెంగళూరు వెళ్ళే హైవే పక్క పారిశ్రామికవాడ. తొంభయ్యేళ్ళ తర్వాత అదే కథ ఇక్కడ కొత్త సామగ్రితో నడిచింది. 2020 డిసెంబరు 12 తెల్లవారుజామున, అప్పట్లో ఐఫోన్లు తయారుచేస్తున్న విస్ట్రాన్ అనే తైవాన్ కంపెనీ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన కార్మికులు అద్దాలు పగలగొట్టారు, వాహనాలు తిరగేశారు. అనుకున్న జీతం రావడం లేదనీ, ఓవర్‌టైము లెక్క తేలడం లేదనీ వాళ్ళ ఫిర్యాదు. తర్వాత కర్ణాటక కర్మాగారాల శాఖ పరిశీలనలో బయటపడ్డవి చదివితే, అవేవీ పెద్ద న్యాయశాస్త్ర సమస్యలు కావు. కొద్ది నెలల్లోనే మనుషుల సంఖ్య సుమారు 5,000 నుంచి 10,500కి పెరిగింది. అంతమందికి తగిన, కార్మిక చట్టం తెలిసిన సిబ్బంది హెచ్‌ఆర్ విభాగంలో లేరు. ఎనిమిది గంటల షిఫ్టు పన్నెండు గంటలైంది. హాజరు యంత్రం సరిగ్గా పని చేయలేదు. కార్మికుల్లో అత్యధికులు స్టాఫింగ్ ఏజెన్సీల ద్వారా వచ్చినవాళ్ళు. యంత్రం లెక్క ఒకటి, ఏజెన్సీ లెక్క ఒకటి, మనిషి వేళ్ళ మీద లెక్క ఇంకొకటి.

అల్లరిమూక చేసిన విధ్వంసాన్ని జీతాల బాకీ పేరుతో సమర్థిస్తున్నావా అని అడుగుతావు. లేదు. పగలగొట్టింది నేరమే. కానీ ఆ నేరం కంపెనీ తప్పును కప్పిపుచ్చలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో కొందరికి జీతాలు ఆలస్యమయ్యాయని యాపిల్ సంస్థే ప్రకటించి, దిద్దుబాట్లు పూర్తయ్యేదాకా కొత్త ఆర్డర్లు ఇవ్వబోమని విస్ట్రాన్‌ను ప్రొబేషన్‌లో పెట్టింది. కొందరికి సరిగ్గా, సకాలంలో జీతాలందలేదని విస్ట్రాన్ కూడా ఒప్పుకుని, భారత వ్యాపారం చూసే వైస్ ప్రెసిడెంటును తొలగించింది. 2023లో ఆ ఫ్యాక్టరీ టాటాల చేతికి పోయింది, జీతాల గొడవ వల్లే పోయిందని నేననను. ఏజెన్సీ చేసిన లెక్కతప్పు మీద నిలదీసినప్పుడు, కాలిఫోర్నియా నుంచి చూసిన యాపిల్ ఏజెన్సీ పేరు అడగలేదన్నదే నాకు ముఖ్యం.

మన చట్టం ఈ సంగతి ముందే చెప్పింది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని కట్టాల్సి ఉండేది, ఆ తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాల్సి ఉండేది. అంతేకాదు, కాంట్రాక్టరు బట్వాడా చేసేటప్పుడు అసలు యజమాని మనిషి ఒకడు పక్కన నిలబడాల్సి ఉండేది. బట్వాడా బల్ల దగ్గర సాక్షిని నిలబెట్టిన ఆ నిబంధన నాకు చాలా ఇష్టం. డబ్బు బ్యాంకు ఖాతాలో పడే ఈ రోజుల్లో సాక్షి అంటే హాజరు లెక్కనూ, జీతం చీటీనీ పక్కపక్కన పెట్టి చూసే ఒక మనిషి. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టంతో సహా 29 పాత చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చినా అసలు యజమాని పూచీ పోలేదు.


బంగారుపేట,
గురువారం

ఇక నీ అభ్యంతరాలకు వస్తాను. "ఆ దేశపు చట్టం నాకేం తెలుసు, తెలిసినవాడికి ఇవ్వడమే తెలివి కదా" అన్నావు. తెలివే. చట్టం తెలిసినవాడిని పెట్టుకో. నరసాపురలో కొరవడింది కూడా అదే. కానీ నాలుగు సంగతులు మాత్రం నువ్వే తెలుసుకోవాలి: ఎన్ని గంటలు, ఎంత జీతం, ఏ తేదీ, ఏయే కోతలు. ఫిలిప్పీన్స్‌లో ఏటా డిసెంబరు 24లోగా పదమూడో నెల జీతం ఇవ్వాలి. అది బోనసు కాదు, చట్టం. సామాజిక భద్రత, ఆరోగ్యం, గృహనిధి మూడింటికీ నెలనెలా వాటా కట్టాలి. పైగా, పెట్టుబడీ పనిముట్లూ లేకుండా ఉత్త మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టును అక్కడి చట్టం నిషేధించింది. అలాంటిదని తేలితే పని చేయించుకున్నవాడినే యజమానిగా చూస్తుంది. నీ ఏజెన్సీ ఆ కోవలోకి వస్తుందో రాదో అక్కడి వకీలును అడిగి రాతపూర్వకంగా తెప్పించుకో.

"నలుగురి కోసం ఇంత హంగామానా, ఖర్చెక్కువ" అన్నది రెండో అభ్యంతరం. ఇందులో కొంత నిజముంది. పదివేలమంది ఉన్న చోట హెచ్‌ఆర్ విభాగం లేకపోవడం తప్పు, నలుగురి కోసం విభాగం పెట్టమనడం హాస్యం. నలుగురి హాజరు నెలకొక గంటలో చూసుకోవచ్చు. పైగా నలుగురిలో ఒకరికి జీతం తప్పితే నీ సిబ్బందిలో నాలుగో వంతుకు తప్పినట్టు. వాళ్ళను ఉద్యోగులుగా కాక ఫ్రీలాన్సర్లుగా రాసుకుంటే చవక అన్న ఆలోచన కూడా వదిలేయి. నువ్వు చెప్పిన వేళకు వచ్చి, నువ్వు చెప్పినట్టు చేసేవాడిని ఏ దేశపు అధికారి అయినా చాలావరకు ఉద్యోగి అనే అంటాడు. అప్పుడు పాత వాటాలన్నీ వడ్డీతో లెక్క కడతాడు.

కోలారు గనుల చివరి ముచ్చట ఒకటి చెప్పి ముగిస్తాను. వాటిని 1956లో రాష్ట్రం, 1962లో కేంద్రం తీసుకున్నాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయింది, 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. పరాయి కంపెనీ పోయి మన సర్కారే యజమాని అయినా, మూసేశాక కార్మికుల బకాయిల తగాదా ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచింది. కాబట్టి విదేశీయుడైతేనే ఇలా చేస్తాడని నేను అనడం లేదు. దూరం ఎక్కువైన కొద్దీ జాగ్రత్త పెంచమంటున్నాను.

ఆ ఏజెన్సీ ఒప్పందం నకలు పంపు. హాజరు లెక్క ఎవరి దగ్గర ఉంటుందో, నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చని రాశారో లేదో ముందు ఆ పేజీ చూస్తాను. నేను జవాబు రాసేదాకా సంతకం పెట్టకు.

ఇట్లు,
అన్నయ్య