లంబాలైన్ నుంచి జరావాల అడవి మీదుగా

పోర్ట్‌బ్లెయిర్‌లో విమానాశ్రయం పక్కనే ఉన్న లంబాలైన్‌లో మా వదిన ఇల్లు. 2024లో నగరం పేరు శ్రీ విజయపురంగా మారినా ఆవిడ నోట పాత పేరే వస్తుంది. "ఆరింటి కాన్వాయ్ తప్పిందంటే తొమ్మిదింటిదాకా గేటు దగ్గర పడిగాపులే" అంటూ పులిహోర పొట్లం కట్టి, తెల్లవారుజామున మూడింటికే బారాటాంగ్ దీవికి పంపించింది. డ్రైవరుది సిక్కోలు నుంచి తాతల నాడు వచ్చి స్థిరపడ్డ కుటుంబం. 2011 జనగణన ప్రకారం ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగువాళ్ళే.

జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర అప్పటికే బస్సులు, జీపులు బారులు తీరాయి. డ్రైవరు మా కాగితాలు పోలీసులకు చూపించి వచ్చి, "బాబూ, ఫోన్లు సంచీలో పడేయండి. అద్దాలు దించొద్దు. వాళ్ళు కనబడ్డా బండి ఆపను, ఆపమని మీరూ అనొద్దు" అన్నాడు. గేటు దాటితే జరావా ఆదివాసుల అడవి.

ఒకప్పుడు ఈ అడవికీ ఊళ్ళకీ మధ్య ఉన్నది తుపాకులు పట్టిన బుష్ పోలీసుల కాపలా. రోడ్డు వేసే కూలీల మీద బాణాలు పడేవి, ఇటునుంచి తూటాలు పేలేవి. 1974లో పోలీసు అధికారి బఖ్తావర్ సింగ్, ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన టి.ఎన్. పండిట్ వంటివాళ్ళు కొబ్బరికాయలు, అరటిపళ్ళు, ఎర్రగుడ్డలు పట్టుకెళ్ళి జరావాలతో మొదటిసారి చెలిమి చేశారు. 1970ల నడుమనే పాలనా యంత్రాంగం 'అండమాన్ ఆదిమ జనజాతి వికాస్ సమితి'ని పెట్టింది. కాపలా పని పోలీసులదైతే, మనుషులతో మెలిగే పని సమితిది.

ఆ చెలిమి ఎంత దూరం వెళ్ళాలన్నది అప్పటికింకా ఎవరికీ పట్టలేదు. 1996లో కాలు విరిగిన జరావా కుర్రాడు ఎన్మేయ్‌కి పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రిలో వైద్యం చేసి తిరిగి పంపాక, 1997 నుంచి జరావాలు తమంతట తామే ఊళ్ళవైపు రాసాగారు. 1999లో వాళ్ళకు తట్టు సోకింది. కదంతలా ఆసుపత్రిలో డాక్టర్ రతన్ చంద్ర కర్ వాళ్ళకు వైద్యం చేశారు. అదే ఏడాది వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కింది. నిపుణుల సంఘం కూర్చుంది. 2004 డిసెంబరులో జరావా విధానం వచ్చింది. వాళ్ళను మనలాగా మార్చే ప్రయత్నం వద్దు, జోక్యం వీలైనంత తగ్గించండి అన్నది దాని సారం.

బయటివాళ్ళ సాయం అంటే మనకు నిధులు, శిక్షణ, జీపులే గుర్తొస్తాయి. ఈ సమితికి మాత్రం శాస్త్రజ్ఞులు, వైద్యులు, కోర్టులు ఇచ్చినవాటిలో విలువైనది ఒక హద్దు. దగ్గరవ్వడం ఎలాగో 1974లోనే తెలిసింది. ఎక్కడ ఆగాలో తెలియడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది.

కాన్వాయ్ కదిలింది. ముందు పోలీసు బండి, వెనక వరసగా మేము. గంటకు నలభై కిలోమీటర్లు మించకూడదు. ఇరువైపులా ఆకాశాన్ని మూసేసిన చెట్లు. తినుబండారాలు ఇవ్వొద్దు, ఫొటోలు తీయొద్దు అని బోర్డులు. పక్క సీటాయన మాత్రం అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాడు, జూలో చూసినట్టు. ఇలాంటి చూపుల నుంచే తిండి ఆశ చూపి జరావా ఆడవాళ్ళ చేత ఆడించిన వీడియో పుట్టింది, 2012లో ప్రపంచమంతా ఛీకొట్టింది.

జరావా రిజర్వులోంచి పోయే ఈ దారిని మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. 2017లో బారాటాంగ్‌కు సముద్రమార్గం తెరిచారు కూడా. మిడిల్ స్ట్రెయిట్ రేవులో పంటు కోసం నిలబడ్డప్పుడు ఆ సంగతి ఎత్తితే డ్రైవరు నవ్వలేదు.

"మూసేస్తే మంచిదే బాబూ. నా బండి కిస్తీ ఎవరు కడతారు?"

జరావాలతో ఎలా ఉండాలో సమితికి చెప్పడానికి ఎందరో వచ్చారు. ఇతనితో ఏం మాట్లాడాలో చెప్పేవాళ్ళు కూడా రావాలి. ఆ దారి ఇంకా తెరిచే ఉండడానికి అడవిలోని మనుషులు కారణం కాదు, ఇవతల ఉన్న మన బతుకుతెరువులు.