ఆయన తోటలో పువ్వులకు కరువా?



ఆదరణ కూడికలు జరిపించడం మాకు కొత్త కాదు. దేవరకొండ నుండి డిండి దాకా, అక్కడి నుండి కల్వకుర్తి వైపు పల్లెల్లో, ఎన్ని ఇళ్ళ ముందు టెంటు కింద నిలబడ్డామో లెక్క పెట్టుకోలేదు. మోటరు దగ్గర కరెంటు షాకు కొట్టి పోయినవారు, పాము కరిచి పోయినవారు, బొంబాయి పనికి పోయి పెట్టెలో తిరిగి వచ్చినవారు. 2021 మే నెలలోనైతే టెంటు కూడా లేదు. మూతికి గుడ్డ కట్టుకొని నలుగురం దూరంగా నిలబడి, ప్రార్థన ముగించి వచ్చేసేవాళ్ళం.

ఆ ఇళ్ళన్నిటిలో మేము తప్పకుండా చెప్పిన మాట ఒకటుంది. మీలో చాలామంది విన్నారు. దేవుడు తన తోట కోసం మంచి పువ్వులనే ముందుగా తెంపుకుంటాడని. వినేవారు తలలూపేవారు. కొందరు ఆమెన్ అనేవారు. మేము టీ తాగి, బండి ఎక్కి, తరువాతి కూడికకు వెళ్ళిపోయేవాళ్ళం.

మా చిన్నవాడు శ్రీశైలం రోడ్డు మీద బండి ప్రమాదంలో పోయి ఈ వేసవికి మూడేళ్ళు. వాడికి అప్పుడు 21 ఏళ్ళు. మూడో రోజు మా ఇంటి ముందు టెంటు వేశారు. చుట్టుపక్కల సేవకులందరూ వచ్చారు. ఒక తమ్ముడు లేచి, ఎంతో ప్రేమతో, ఆ పువ్వుల మాటే చెప్పాడు. తలుపు చాటున కూర్చున్న అమ్మగారు లేచి బయటికి వచ్చింది.

"ఆయన తోటల పువ్వులకు కరువొచ్చిందా అయ్యగారూ? మా పెరట్లదే కావాల్నా?"

ఎవరూ మాట్లాడలేదు. ఆ తమ్ముని తప్పేమీ లేదు. ఆ మాట అతడు మా దగ్గర నేర్చుకున్నదే.

ఆ తరువాతి నెలలు ఎలా గడిచాయో మీకు తెలిసింది కొంతే. ఆదివారం పులిపీఠం దగ్గర నిలబడి వాక్యం చదివేవాళ్ళం, అర్థం చెప్పేవాళ్ళం, ఆశీర్వాదం ఇచ్చేవాళ్ళం. ఇంటికి వచ్చి మోకరిస్తే మాట వచ్చేది కాదు. అమ్మగారు చాప మీద చివరి వరుసలో కూర్చునేది; పాట మొదలైతే పెదవులు కదిలేవి కావు. "పాస్టరయ్యే ఏడిస్తే ఇగ మన గతేంది" అని ఎవరో అన్నమాట మా చెవిన పడింది. అప్పటి నుండి ఏడుపంతా బండి మీదనే. హెల్మెట్ అద్దం దించుకుంటే ఎవరికీ కనబడదు కదా.

ఆ రోజుల్లో మన సంఘంలోని ఒక పెద్దమ్మ రోజూ పొద్దుగూకే వేళకు మా ఇంటికి వచ్చేది. స్టీలు టిఫినులో రెండు జొన్నరొట్టెలు, కొంచెం పచ్చిపులుసు. గడప మీద కూర్చునేది. వాక్యం చెప్పలేదు, ప్రార్థన చేస్తానని అనలేదు, ఎలా ఉన్నారని కూడా అడగలేదు. మేము తిన్నాక టిఫిను కడుక్కొని వెళ్ళిపోయేది. దాదాపు రెండు నెలలు.

యోబు స్నేహితులను మనం ప్రసంగాల్లో ఎప్పుడూ తిడుతూనే ఉంటాము. కాని రెండో అధ్యాయం చివర చూడండి. వారు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. వారు చెడగొట్టినదంతా నోరు విప్పిన తరువాతే. ఆ వచనాన్ని ఎన్నోసార్లు చదివి దాటిపోయినవాళ్ళం, పెద్దమ్మ గడప మీద కూర్చున్నాకనే అక్కడ ఆగాము.

యోహాను 11వ అధ్యాయం కూడా అలాగే. మార్త వచ్చి, నువ్వు ఇక్కడ ఉండి ఉంటే మా తమ్ముడు చావకపోయేవాడని యేసుతో అంటుంది. కొంచెంసేపటికి మరియ వచ్చి అదే మాట అంటుంది. ఇద్దరిదీ ఒకటే ఫిర్యాదు. మార్తకు ఆయన పునరుత్థానం గురించి చెప్పాడు. మరియకు ఏమీ చెప్పలేదు. ఎక్కడ పెట్టారని అడిగి, ఏడ్చాడు. లాజరును లేపబోతున్నానని ఆయనకు తెలుసు, ముందే శిష్యులతో అన్నాడు కూడా. తెలిసీ ఏడ్చాడు. మా ఇంట్లో ఒకరు మార్త, ఒకరు మరియ అయ్యారు. అమ్మగారికి మేము మార్త జవాబు ఇస్తూ పోయాము, ఆమెకు కావలసింది అది కాదు.

స్పాఫోర్డ్ గారి కథ కూడా మీకు మేమే చెప్పాము. 1873 నవంబరులో విల్ దు హావ్ర్ అనే ఓడ మునిగి ఆయన నలుగురు ఆడబిడ్డలు పోయారు, భార్య ఒక్కతే బతికింది. ఆమె దగ్గరికి ఓడలో వెళుతూ ఆయన తన ప్రాణానికి క్షేమమేనని పాట రాశాడు. మేము అక్కడే కథ ఆపి, చూశారా విశ్వాసం అనేవాళ్ళం. ఆ పాట తరువాత ఆయన ఇంట్లో ఇంకొక కొడుకు కూడా పోయాడు, 1880లో. మరుసటి ఏడు దేశం విడిచి యెరూషలేముకు వెళ్ళి, 1888లో అక్కడే కన్నుమూశాడు. పాట రాసినంత మాత్రాన దుఃఖం తీరిపోలేదు. పౌలు కూడా థెస్సలొనీక వారిని ఏడవవద్దని అనలేదు, నిరీక్షణ లేనివారిలాగా ఏడవవద్దన్నాడు.

మరి బలం ఎక్కడి నుండి వచ్చింది అంటారా? ఒక్కరోజులో రాలేదు. యవ్వనస్తులు మమ్మల్ని అడగకుండానే గురువారం కూడికలు నడిపించారు. ఎవరో మా నీళ్ళ డ్రమ్ములు నింపారు. మా ప్రార్థన రాని రోజుల్లో మీ ప్రార్థన మా ఇంటి మీద ఉంది. వేసవి వీబీఎస్‌లో ఒక చిన్నపిల్ల, "అమ్మగారూ, పాట మర్చిపోయిండ్రా?" అని అడిగితే అమ్మగారు ఒక చరణం పాడింది. రెండోది పాడలేకపోయింది.

ఈస్టరుకు మనం సమాధులకు సున్నం వేసుకొని, చామంతులు పెట్టి, తెల్లవారకముందే కొవ్వొత్తులు వెలిగించుకుంటాము కదా. మా వాడిని పెట్టిన తరువాత వచ్చిన ఈస్టరున మేము కూడా మొదటిసారి మీ మధ్యలో, సేవకులుగా కాక, ఒక సమాధి ముందు కూర్చున్నాము. అప్పుడు చూశాము పెద్దమ్మను. గేటు దగ్గర వెలిగించిన కొవ్వొత్తి పట్టుకొని నిలబడి ఉంది. ఆమె కొడుకు బొంబాయిలో బిల్డింగు పనిలో పోయాడు. శవాన్ని తెచ్చే డబ్బు లేక అక్కడే పాతిపెట్టారు. ఇక్కడ ఆమెకు సమాధి లేదు. ప్రతి ఈస్టరుకు అలాగే గేటు దగ్గర నిలబడేదట. అన్నేళ్ళు సూర్యోదయ ఆరాధన నడిపించిన మాకు ఒక్కసారి కూడా కనబడలేదు.

అమ్మగారు లేచి వెళ్ళి చెయ్యి పట్టుకొని తీసుకువచ్చింది. "ఈడ పెట్టు పెద్దమ్మా, ఇద్దరికీ" అంది.

అప్పటి నుండి మా వాని సమాధి మీద రెండు కొవ్వొత్తులు. గాలికి ఒకటి ఆరిపోతే రెండోదానితో పెద్దమ్మే మళ్ళీ వెలిగిస్తుంది.