డిసెంబరు కానుకల పద్దు

స్కూల్లో మా పిల్లలిద్దరినీ కనిపెట్టుకుని ఉండేవాళ్లకు క్రిస్మస్ కానుకల కోసం మేం ఏడాదికి తీసిపెట్టే మొత్తం 120 డాలర్లు. ప్రతినెలా ఒకటో తారీఖున 10 డాలర్లు వేరే సేవింగ్స్ ఖాతాలోకి దానంతటదే వెళ్లిపోయేలా పెట్టుకున్నాం. డిసెంబరు వచ్చేసరికి డబ్బు సిద్ధంగా ఉంటుంది, క్రెడిట్ కార్డు తియ్యక్కర్లేదు. డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల్లో ఇంతకు మూడింతలు పెట్టేవాళ్లున్నారు, ఏమీ పెట్టనివాళ్లూ ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్లు ఏటా అడిగే ప్రశ్న ఒకటే: "టీచరుకి ఎంత పెట్టాలండీ?" ఎంత అన్నదానికన్నా ముందు ఎవరెవరికి అన్నది తేల్చుకోవాలని నా నమ్మకం. అది తేలితే తక్కువ డబ్బుతోనే పని చక్కగా అవుతుంది.

మేం గుంటూరులో చదువుకున్న రోజుల్లో మాస్టార్లకు క్రిస్మస్ కానుకలిచ్చే అలవాటు లేదు. సెప్టెంబరు 5న, టీచర్స్ డే నాడు, అందరం తలా కొంచెం వేసుకుని ఒక పెన్నో, పూలదండో ఇచ్చేవాళ్లం. అంతకు ముందు తరంలో పద్ధతి వేరు. మా తాతయ్య చదివిన వీధిబడిలో దసరా వస్తే పిల్లలు కాగితపు పూలు చుట్టిన విల్లంబులు పట్టుకుని, అయ్యవారి వెంట ఇంటింటికీ వెళ్లి దసరా పద్యాలు పాడేవాళ్లట. ఇళ్లవాళ్లు ఇచ్చే మామూలు అయ్యవారి ఏడాది రాబడిలో పెద్ద భాగం. ఆయనకు చేతినిండా జీతం లేదని ఊరందరికీ తెలుసు. కానుకంటే మర్యాదతోపాటు అవసరం కూడా చూసి ఇచ్చేదని ఆ కథ విన్నప్పుడల్లా అనిపిస్తుంది. నా పద్దుకు అదే ఆధారం.

అమెరికా స్కూల్లో ఎవరి చేతికి నెలనెలా ఎంతొస్తుందో చూద్దాం. క్లాసు టీచరుకు ఏడాది జీతం ఉంటుంది. అది చాలినంత కాదని తెలిసినా, నెల తిరిగేసరికి వస్తుంది. బస్సు డ్రైవరు, కెఫెటేరియాలో వడ్డించేవాళ్లు, క్లాసులో టీచరుకు సాయంచేసే ఎయిడ్లు చాలామంది గంటల లెక్కన పనిచేస్తారు. డ్రైవరుకు తెల్లవారుజామున మూడు గంటలు, మళ్లీ మధ్యాహ్నం మూడు గంటలు పని. మధ్యలో ఖాళీ, దానికి డబ్బు రాదు. క్రిస్మస్‌కు బడి రెండు వారాలు మూసేస్తే చాలా చోట్ల వాళ్ల గంటలూ ఆగిపోతాయి. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు జీతాన్ని పన్నెండు నెలలకు సర్ది ఇస్తాయి కానీ మొత్తం మాత్రం పెరగదు. వేసవిలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. బడి మళ్లీ తెరిచాక పని ఉంటుందన్న హామీ ఉంది కాబట్టి చాలా రాష్ట్రాల్లో వీళ్లకు నిరుద్యోగ భృతి రాదు. మిన్నెసోటా 2023లో చట్టం మార్చి, గంటల లెక్కన పనిచేసే స్కూలు సిబ్బందికి వేసవిలో ఆ భృతి అందే వీలు కల్పించింది. మిగతా రాష్ట్రాలు ఎక్కువభాగం పాత దారిలోనే ఉన్నాయి.

అంటే మనం పండగ కోసం ఖర్చు పెంచుకునే ఆ రెండు వారాల్లోనే వాళ్ల రాబడి తగ్గుతుంది. ఇది తెలిశాక పద్దు రాయడం నాకు తేలికైంది.

మా పంపకం ఇలా ఉంటుంది. చిన్నదాని క్లాసు టీచరుకు 15 డాలర్లు, బస్సు డ్రైవరుకూ అంతే. ఎయిడ్‌కు పది, పగటిపూట బడి శుభ్రం చేసే కస్టోడియన్‌కు పది. మిడిల్ స్కూల్లో పెద్దవాడికి ఏడుగురు టీచర్లు, తలా అయిదు. చిన్నదాని ఆర్ట్, మ్యూజిక్, పీఈ టీచర్లు ముగ్గురికీ తలా అయిదు. నర్సుతో కలిపి ఫ్రంటాఫీసుకు ఒక డబ్బా, కెఫెటేరియాకు ఒక డబ్బా, ఒక్కోటి పది. మొత్తం 120.

డ్రైవరుకూ టీచరుకూ సమానమేంటని మా ఆయన మొదట్లో అడిగారు. క్లాసులో ఇరవైమంది పిల్లలుంటే డిసెంబరులో టీచరు బల్ల మీద ఇరవై సంచులుంటాయి. బస్సులో నలభైమంది పిల్లలున్నా డ్రైవరు సీటు పక్కన రెండో మూడో కవర్లు కనిపిస్తాయి. చలిలో, చీకట్లో మా పిల్లను రోజూ భద్రంగా దింపే మనిషి ఆయన. ఈ మాట చెప్పాక ఇంట్లో మళ్లీ ఆ చర్చ రాలేదు.

ఇక ఏం ఇవ్వాలి? గంటల లెక్కన పనిచేసే డ్రైవరుకు, ఎయిడ్‌కు, కస్టోడియన్‌కు సరుకుల కొట్టు గిఫ్ట్ కార్డే ఇస్తాను. వాల్‌మార్టో, క్రోగరో, వాళ్ల దారిలో ఉన్నదేదో. పాలు, గుడ్లు, పెట్రోలు, ఏది కావాలన్నా దాంతో కొనుక్కోవచ్చు. కొట్టువాళ్ల సొంత కార్డుకు అదనపు రుసుము ఉండదు. ఎక్కడైనా చెల్లుతుందని వీసా గిఫ్ట్ కార్డు కొంటే మాత్రం కొనేటప్పుడే నాలుగైదు డాలర్లు రుసుము కింద పోతుంది. పదిహేను డాలర్ల కానుకకు నాలుగు డాలర్ల రుసుమంటే ఆ డబ్బు డ్రైవరుకు చేరడం లేదు, కార్డు కంపెనీకి చేరుతోంది. గడువు గురించి భయం అక్కర్లేదు. 2009 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం గిఫ్ట్ కార్డులో డబ్బు కనీసం అయిదేళ్లు చెల్లాలి.

అయిదు డాలర్ల కాఫీ కార్డు నేను ఇవ్వను. ఇప్పుడు పెద్ద కాఫీ కొట్లలో పాలు, రుచులు కలిపిన కాఫీ చాలావరకు అయిదు డాలర్లు దాటింది. తీసుకున్నవాళ్లు చేతిడబ్బు కొంత కలిపితే తప్ప ఆ కానుక తాగడానికి ఉండదు. అందుకే ఏడుగురు మిడిల్ స్కూలు టీచర్లకు వేరే దారి వెతుక్కున్నాను.

టీచర్లు సొంత డబ్బుతో క్లాసు సామాను కొంటారన్నది ఇక్కడ ఎంత మామూలు విషయమంటే, దానికోసం ఆదాయపు పన్నులో ఒక మినహాయింపే ఉంది. 2002లో 250 డాలర్లతో మొదలుపెట్టి, 2022లో 300 చేశారు. వినడానికి బాగానే ఉంటుంది. లెక్క వేస్తే, 12 శాతం పన్ను శ్రేణిలో ఉన్న టీచరు 300 డాలర్లు ఖర్చుపెడితే తిరిగి మిగిలేది 36 డాలర్లు. మిగతా 264 ఆ మనిషి జేబులోంచే పోయినట్టు. పిల్లల పెన్సిళ్లకు, బోర్డు మార్కర్లకు, ముక్కు తుడుచుకునే టిష్యూ పెట్టెలకు జీతంలోంచి తీసి పెట్టేవాళ్లకు ఇంకో కప్పు, ఇంకో కొవ్వొత్తి ఇవ్వడానికి నాకు మనసొప్పదు. అవే మార్కర్లు, స్టికీ నోట్లు, మంచి రంగుపెన్నులు ఇస్తాను. జనవరిలో బడి తెరిచేసరికి క్లాసులో సగం మార్కర్లు ఎండిపోయి ఉంటాయి. నేనిచ్చింది ఆ వారమే పనికొస్తుంది.

వీటిని డిసెంబరులో కొనను. టెక్సస్‌లో ఆగస్టులో ఒక వారాంతం బడి సామాను మీద సేల్స్ టాక్స్ ఉండదు. వంద డాలర్ల లోపు వస్తువులకు వర్తిస్తుంది, మార్కర్లు, పెన్నులు ఆ జాబితాలో ఉన్నాయి. మామూలు రోజుల్లో మా ఊళ్లో ఆ పన్ను 8.25 శాతం. దానికి తోడు ఆ నెలలో కొట్లన్నీ ధరలు బాగా దించుతాయి. పిల్లల సామాను కొనేటప్పుడే ఏడు సెట్లు తెచ్చి అలమారాలో పెడతాను. మనిషికి అయిదు డాలర్లలో మార్కర్ల పెట్టె, నోట్ల కట్ట రెండూ వస్తాయి. డిసెంబరులో అయితే ఒక్కటే వచ్చేది.

మొన్నామధ్య మా అత్తయ్యగారు వచ్చి ఉన్నప్పుడు డిసెంబరులో అరిసెలు వండారు. "ఇన్ని చేసిపెట్టాను కదమ్మా, ఆ మాస్టార్లకి తలా నాలుగు పంపు. కొన్నవాటికన్నా మన చేత్తో చేసినవి ఇస్తే ఎంత గౌరవం!" అన్నారు. ఆ మాటలో న్యాయముంది, ఖర్చు కూడా తక్కువే. కానీ ఇంటివంటకు పొట్లం మీద చీటీ ఉండదు. ఇక్కడ ముఖ్యమైన ఎలర్జీ పదార్థాలని చట్టం గుర్తించినవి తొమ్మిది. తొమ్మిదోదిగా నువ్వుల్ని చేర్చింది 2023 జనవరి నుంచి. మన అరిసెలకు అద్దేవి నువ్వులే, ఉండలు చుట్టేవీ నువ్వులే, ఇక పల్లీపట్టి సంగతి చెప్పక్కర్లేదు. "అత్తయ్యా, ఎవరికి ఏది పడదో మనకు తెలియదు, అడిగితే వాళ్లు ఇబ్బంది పడతారు" అన్నాను. ఆవిడ అర్థం చేసుకున్నారు. మా పక్కింటివాళ్లను అడిగి, వాళ్లకు పడతాయన్నాక వాళ్లకిచ్చాం. బడి డబ్బాల్లోకి మాత్రం సీలు వేసి, పదార్థాల పేర్లు అచ్చువేసిన బిస్కెట్లు, చాక్లెట్లు, ఒక సంచి కమలాపళ్లు వెళ్తాయి.

మన ఊరి వస్తువు ఇవ్వాలన్న ఆవిడ కోరిక తీరే దారి ఇంకోటి ఉంది. ఇండియా వెళ్లినప్పుడు విశాఖపట్నం వైపు వెళ్తే ఏటికొప్పాక లక్క బొమ్మలు తెచ్చుకుంటాం. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది. అంకుడు కర్రను తరిమెన పట్టి, గింజలు, వేర్లు, ఆకులు, బెరళ్ల నుంచి తీసిన రంగుల లక్కను దానికి ఎక్కిస్తారు. ఈ పనిని నిలబెట్టినందుకు సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, 2017లో బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ చిన్న బొంగరం వంద రూపాయల లోపే దొరుకుతుంది, సూట్‌కేసులో బరువుండదు. క్లాసు టీచరుకూ బస్సు డ్రైవరుకూ ఒక్కోటి చేర్చి, అది ఎక్కడ తయారైందో పాప రెండు ముక్కలు రాసి ఇస్తుంది. డాలరున్నర లోపు డబ్బు పనిచేసినవాళ్ల ఊరికే వెళ్తోందన్న తృప్తి నాకు మిగులుతుంది.

క్లాసు టీచరుకిచ్చే 15 డాలర్లు మేం విడిగా ఇవ్వం, క్లాసు చందాలో కలుపుతాం. చందా పోగుచేసే రూమ్ పేరెంటు 25 అని సూచిస్తారు. మేం 15 పంపి, అంతేనని చెబుతాం. ఎవరూ మాట అనలేదు. మసాచుసెట్స్ ప్రభుత్వ స్కూళ్లలో దీనికి మంచి నియమం ఉంది. ఒక కుటుంబం నుంచి టీచరు 50 డాలర్లు, ఆపై విలువైన కానుక తీసుకోకూడదు. క్లాసంతా కలిసి ఇస్తే ఏడాదికి 150 దాకా తీసుకోవచ్చు, అయితే ఎవరెంత వేశారో టీచరుకు తెలియకూడదు. ఆ రెండో షరతు ప్రతి రాష్ట్రంలోనూ ఉండాలని కోరుకుంటాను. పది వేసిన అమ్మా, వంద వేసిన అమ్మా టీచరు ముందు ఒకే వరసలో నిలబడతారు. అద్దె కట్టడానికే తడుముకునే ఇంటి పిల్లకు డిసెంబరు వచ్చిందంటే తల దించుకునే అవసరం ఉండదు.

అన్నిటికన్నా విలువైనదానికి పైసా ఖర్చు లేదు. ప్రతి కానుకతోనూ పిల్లలు చేత్తో రాసిన ఉత్తరం ఉండాలన్నది మా ఇంటి షరతు. "థాంక్యూ" ఒక్కటే రాస్తే ఒప్పుకోను, జరిగిన సంగతి ఒకటి రాయాలి. మావాడు లెక్కల మాస్టారికి, భిన్నాలు అర్థంకాక ఏడుపొచ్చినప్పుడు భోజనం మానుకుని పక్కన కూర్చుని చెప్పిన సంగతి రాశాడు. ఆయన అది బోర్డు పక్కన అంటించుకున్నారని వాడే వచ్చి చెప్పాడు.

ఇంకో ఉత్తరం నేను రాస్తాను, ప్రిన్సిపాలుకు, బస్సుల శాఖ సూపర్‌వైజరుకు. ఫలానా డ్రైవరు ఈ ఏడాది మా పాప విషయంలో ఏం చేశారో, బస్సు నంబరుతో సహా. ఫిర్యాదులు రోజూ వెళ్లే చోటికి మెచ్చుకోలు వెళ్లడం అరుదు. అది ఆ మనిషి ఉద్యోగపు ఫైల్లో ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది. డబ్బు లేని ఏడాది వస్తే మిగతా అన్నీ ఆపి ఈ ఒక్కటీ చేసినా సరిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను.

పద్దులో ఇంకా సరిచెయ్యాల్సింది ఉంది. కెఫెటేరియాలో నలుగురైదుగురుంటారు, పది డాలర్ల డబ్బా అంటే మనిషికి రెండో రెండున్నరో డాలర్లు. వాళ్ల గంటలూ క్రిస్మస్‌కు ఆగిపోయేవే. పిల్లలు వెళ్లాక సాయంత్రం వచ్చి, రాత్రిదాకా గదులు తుడిచే కస్టోడియన్లు ఇద్దరున్నారు. పిల్లలు వాళ్లను ఎప్పుడూ చూడరు కాబట్టి ఎవరి జాబితాలోనూ ఉండరు. ఫ్రంటాఫీసులో అడిగి వాళ్ల పేర్లు రాసుకొచ్చాను. వచ్చే జనవరి నుంచి నెలకు 10 బదులు 12 డాలర్లు పక్కన పెడతాం. ఏడాదికి 24 ఎక్కువ. కెఫెటేరియాకు ఇంకో పది, రాత్రి కస్టోడియన్లకు చెరో ఏడు.